ప్రయాణపు ఫొటోల్లో అడ్డొచ్చిన మనుషులను తొలగించడం: ఖాళీ అయిన చోటును దేనితో నింపాలి?

బాటసారి:

సభ్యులందరికీ నమస్కారం. ఈమధ్య మా అమ్మతో కలిసి చేసిన ప్రయాణంలో, ఒక పాత రాతి మండపం ముందు ఆమెను నిలబెట్టి తీసిన ఫొటో విషయంలో మీ సలహా కోరుతున్నాను. మోకాళ్ల నొప్పి వల్ల ఆమె మెట్లన్నీ ఎక్కి పైకి రావడానికి దాదాపు గంట పట్టింది. పైకి చేరాక ఆమె నవ్విన నవ్వు ఈ ఒక్క ఫొటోలోనే ఉంది కాబట్టి, దీన్ని వదిలి ఇంకొకటి ఎంచుకోవడం నా వల్ల కాదు.

ఫ్రేములో ఆమె కాకుండా మరో 11 మంది ఉన్నారు. ఎక్కువమంది దూరంగా స్తంభాల మధ్య చిన్నగా కనిపిస్తున్నారు. కానీ ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన సరిగ్గా అమ్మ వెనుకే నిలబడడంతో, ఆయన మోచెయ్యి అమ్మ భుజంలోంచి మొలిచినట్టు ఉంది. ఫోన్‌లోని తొలగింపు సాధనంతో ప్రయత్నించాను. దూరంగా ఉన్నవాళ్లు బాగానే పోయారు. ఎర్ర టోపీ ఆయన్ని తీసేసిన చోట మాత్రం స్తంభం మైనం కరిగినట్టు నున్నగా వంగిపోయింది, అమ్మ శాలువా కుచ్చులు సగం మాయమయ్యాయి. కంప్యూటర్‌లో ఫొటోషాప్ ఉంది, కొద్దిగా వాడడం వచ్చు. ఏ క్రమంలో పని చేస్తే బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

వెలుగునీడ:

బాటసారి గారూ, ముందుగా ఆ స్తంభం ఎందుకు కరిగిందో చెబుతాను, అది తెలిస్తే క్రమం దానంతట అదే తెలుస్తుంది. మనిషిని చెరిపేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా తేలికే. ఆ మనిషి వెనుక ఏముందో దానికి తెలియకపోవడమే అసలు ఇబ్బంది. కెమెరా ఆయన చొక్కాను చూసింది, చొక్కా వెనుక ఉన్న రాయిని చూడలేదు. కాబట్టి ఏ సాధనమైనా అక్కడ ఊహనే నింపుతుంది, ఒక్కో సాధనం ఊహించే తీరు మాత్రం వేరు.

2002లో ఫొటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్, మనం చూపించిన చోటునుంచి రాయి గరుకుదనాన్ని తెచ్చి, అతికించే చోటి రంగుకూ వెలుతురుకూ సరిపెడుతుంది. 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ అదే ఫొటోలో పోలికగల ముక్కలను తానే వెతికి తెచ్చి పేరుస్తుంది. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ ఫొటోలో లేనిదాన్ని కూడా కొత్తగా గీస్తుంది. నింపవలసింది ఇసుకో, ఆకాశమో, గడ్డో అయితే మూడూ బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ ఊహ తప్పినా కన్ను పట్టుకోదు. నిట్టనిలువు గీత, చెక్కడం, పలకల అతుకు లాంటివి ఉన్నచోట ఊహ పది పిక్సెళ్లు పక్కకు జరిగినా తెలిసిపోతుంది.

అందుకని దూరపు వారితో మొదలుపెట్టండి. అసలు లేయర్ (ఫొటో ఉన్న పొర) మీద ఏమీ చేయకుండా, పైన ఒక ఖాళీ లేయర్ పెట్టుకుని, బ్రష్ నమూనా తీసుకునే చోటుగా ప్రస్తుత లేయర్‌నూ దాని కింది వాటినీ ఎంచుకుని పని చేస్తే, ఎక్కడ పాడైనా ఆ ముక్క వరకే చెరుపుకోవచ్చు. గీతల మీద నిలబడినవారికి హీలింగ్ బ్రష్ వాడవద్దు. అది అంచుల దగ్గర పక్క రంగును కలిపేసి మసక మరక చేస్తుంది. అక్కడ ఒక చోటి బొమ్మను ఉన్నదున్నట్టు మరో చోట దించే క్లోన్ స్టాంప్ తీసుకుని, ఆల్ట్ మీట నొక్కి స్తంభపు అంచు మీదనే నమూనా పెట్టి, అదే అంచు మీద దించండి. మొదటి వేటు గీత మీద సరిగ్గా కుదిరితే మిగిలినదంతా దాని వెంటే వస్తుంది.

ఎర్ర టోపీ ఆయన్ని చివరికి ఉంచండి. ముందుగా అమ్మ బొమ్మ చుట్టూ, కుచ్చులతో సహా, ఓపికగా ఒక సెలెక్షన్ చేసి దాచుకోండి. కంటెంట్ అవేర్ ఫిల్ తెరిచినప్పుడు నమూనా తీసుకునే ప్రాంతం ఆకుపచ్చగా కనిపిస్తుంది. దానిలోంచి అమ్మ ఉన్న భాగాన్ని తుడిచేయకపోతే, ఆమె శాలువా ముక్కలను తీసుకెళ్లి స్తంభానికి అతికించే ప్రమాదం ఉంది.

ముక్కాలిపీట:

వెలుగునీడ గారు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే అంత శ్రమకు ముందు బాటసారి గారిని ఒక ప్రశ్న అడగాలి. అదే చోట నిలబడి వెంటవెంటనే తీసిన వేరే ఫొటోలు మీ దగ్గర ఉన్నాయా? చేయి కదిలినవైనా, అమ్మ కళ్లు మూసుకున్నవైనా పరవాలేదు. ఆ మనుషులు ఒక్క క్షణం పక్కకు జరిగిన ఫొటో ఒక్కటి ఉన్నా, ఊహించవలసిన అవసరమే రాదు, నిజమైన రాయి దొరికినట్టే.

ఇది ఫొటోగ్రఫీ అంత పాత విషయం. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డాగేర్ ప్యారిస్‌లోని బుల్వార్ డ్యు టాంపుల్ అనే రద్దీ వీధిని ఫొటో తీశారు. ఆనాటి పలకకు కొన్ని నిమిషాల పాటు వెలుతురు అందించవలసి రావడంతో, నడిచే మనుషులూ బళ్లూ ఏవీ దాని మీద నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక వ్యక్తి మాత్రం పడ్డాడు. జనం కదులుతూ ఉంటారు, కట్టడం కదలదు. ఈ తేడాను వాడుకోవడానికి ఇప్పుడు మనకు మీడియన్ పద్ధతి ఉంది.

కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి ఒకే చోటునుంచి 15 ఫొటోలు తీశామనుకుందాం. ప్రతి పిక్సెల్‌కూ 15 విలువలు వస్తాయి. వాటిని తక్కువనుంచి ఎక్కువకు వరుసలో పేర్చి నడిమధ్యనున్న ఎనిమిదవ విలువను తీసుకుంటే, ఆ చోట కనీసం 8 ఫొటోల్లో గోడ కనిపించినంతవరకు వచ్చేది గోడే. మిగిలిన ఏడింటిలో ఎవరెవరు అడ్డొచ్చినా లెక్కలోకి రారు. సగటు తీస్తే మాత్రం అందరూ పొగలాంటి ఆకారాలుగా మిగిలిపోతారు. మధ్య విలువను తీసుకుంటే ఎవరూ మిగలరు. ఫొటోషాప్‌లో ఫైల్ మెనూలోని స్క్రిప్ట్స్ కింద స్టాటిస్టిక్స్ అని ఉంటుంది, అందులో మీడియన్ ఎంచుకుని, ఫొటోలను తానే సరిపేర్చుకొమ్మని టిక్ పెడితే చాలు. అఫినిటీ ఫొటోలోనూ స్టాక్ పేరుతో ఇదే సౌకర్యం ఉంది.

బాటసారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముక్కాలిపీట గారు అడిగిన తరువాత ఫోన్ మొత్తం వెతికాను. అదే చోట చేత్తో పట్టుకుని తీసిన 6 ఫొటోలు ఉన్నాయి. అమ్మ శాలువా సర్దుకుంటూ, కళ్లజోడు తీస్తూ, ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నవి. అనవసరమని రెండుసార్లు చెరిపేయబోయి ఆగిన ఫొటోలు ఇవే. ఎర్ర టోపీ ఆయన నాలుగింటిలో అక్కడే ఉన్నారు. అయిదవదానిలో మాత్రం వంగి సంచిలోంచి ఏదో తీసుకుంటున్నారు, స్తంభం దాదాపు మొత్తం కనిపిస్తోంది. మీడియన్ ప్రయత్నిస్తే ఆయన అలాగే మిగిలిపోయారు. పైగా అమ్మ ముఖం రెండు మూడు ముఖాలు కలిసినట్టు తయారయింది.

ముక్కాలిపీట:

లెక్క ప్రకారం అలాగే రావాలి. ఆరింటిలో నాలుగింట ఉన్న మనిషిని మీడియన్ గోడగానే భావిస్తుంది. కదిలే ముఖానికి, ఆకులకు, నీటికి, మబ్బులకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు. నేను ముందే చెప్పవలసింది. కానీ అయిదవ ఫొటో దొరికింది కాబట్టి మీడియన్ అవసరమే లేదు. నవ్వు ఉన్న ఫొటోను పైన, అయిదవదాన్ని కింద పెట్టి, రెండు లేయర్లనూ ఎంచుకుని ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్ వాడండి. తరువాత పై లేయర్‌కు తెల్లని మాస్క్ పెట్టి, ఎర్ర టోపీ ఆయన ఉన్నచోట నల్ల బ్రష్‌తో నెమ్మదిగా గీయండి. గీసినంత మేర కింది ఫొటోలోని స్తంభం బయటపడుతుంది. పొరపాటున అమ్మ భుజం పోతే తెల్ల బ్రష్‌తో మళ్లీ తెచ్చుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మీరు అరడుగు పక్కకు జరిగి తీసి ఉంటే, దగ్గరి స్తంభమూ దూరపు గోడా రెండూ ఒకేసారి సరిపడవు. అప్పుడు మొత్తం ఫొటోను సరిచేయాలని పట్టుబట్టకుండా, ఆ స్తంభం ఒక్కటీ కుదిరేలా కింది లేయర్‌ను చేత్తో జరపండి, మిగతా భాగం ఎలాగూ మాస్క్ కిందే ఉంటుంది. రెండవది వెలుతురు. ఫోన్ ప్రతి ఫొటోకూ ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), రంగు తానే మార్చుకుంటుంది కాబట్టి, అతికించిన రాయి కొద్దిగా తెల్లగానో పసుపుగానో ఉండవచ్చు. కింది లేయర్‌కు మాత్రమే కర్వ్స్ (వెలుగునూ రంగునూ సవరించే సాధనం) వేసి, పక్క రాయితో సరిపోయేవరకు దించండి.

పాతఆల్బమ్:

నేను సాంకేతిక విషయం కాక వేరే మాట చెప్పాలనుకుంటున్నాను, అన్యథా భావించవద్దు. ఫొటోలోంచి మనుషులను తీసేయడం అంత తేలికైన నిర్ణయంగా నాకు తోచదు. యెజోవ్ అనే అధికారి 1937లో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న ఫొటో ప్రసిద్ధమైనది. 1940లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు, తరువాతి ప్రతిలో ఆయన నిలబడిన చోట కాలువ నీరు మాత్రమే ఉంది. ప్రయాణపు ఫొటోల సంగతికే వస్తే, 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు ముఖచిత్రంలో పట్టించడం కోసం గీజా పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపింది. ఆ విమర్శ ఇన్నేళ్లయినా పోలేదు.

మా ఇంట్లోని పాత ఫొటోల్లో నేను ఎక్కువసేపు చూసేది వెనుక నిలబడిన అపరిచితులనే. వారి జుట్టు దువ్విన తీరు, చేతిలోని సంచులు, పిల్లల చెప్పులు, ఇవే ఆ కాలాన్ని నాకు చెబుతాయి. ఆ 11 మందిని చెరిపేస్తే, రేపు మీ పిల్లలకు ఆ రోజు మండపం నిర్మానుష్యంగా ఉందనే అబద్ధం మిగులుతుంది. దయచేసి అసలు ఫొటోను మాత్రం ముట్టుకోవద్దు.

వెలుగునీడ:

పాతఆల్బమ్ గారి మాటను గౌరవిస్తూనే ఒక తేడా చూపించాలనుకుంటున్నాను. వార్తకూ సాక్ష్యానికీ వాడే ఫొటోలో ఒక్క మనిషినైనా తీసేయడం తప్పే. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ నియమాలు కూడా ఫ్రేములో ఏదైనా కలపడాన్ని, తీసేయడాన్ని ఒప్పుకోవు. ఇంటి గోడకు పెట్టుకునే ఫొటో ఆ కోవలోకి రాదు. అక్కడ బాటసారి గారు ఏం జరిగిందని నిరూపించడం లేదు, అమ్మ నవ్వు మీద చూపు నిలవాలని కోరుకుంటున్నారు, అంతే. మరి అదే ఫొటోను ఆ స్థలం గురించి రాసే వ్యాసంలో వేసి, అక్కడ జనమే ఉండరని చదివేవారు నమ్మేలా చేస్తే నేనూ అభ్యంతరం చెబుతాను. అసలు ప్రతిని భద్రపరచాలన్న మాటను మాత్రం అందరం పాటించవలసిందే.

నీలిగీత:

ఫొటోషాప్ లేనివారి కోసం నాకు తెలిసినది రాస్తాను. 2021లో పిక్సెల్ 6తో గూగుల్ మ్యాజిక్ ఎరేజర్ వచ్చింది. 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో ఆపిల్ వారి క్లీన్ అప్ వచ్చింది. అంతకుముందునుంచే స్నాప్‌సీడ్‌లో హీలింగ్ ఉంది. ఉచితంగా కంప్యూటర్‌లో చేయాలంటే గింప్‌కు రీసింథసైజర్ ప్లగిన్ జోడించుకోవచ్చు. 2021లో వెలువడిన లామా అనే ఏఐ మోడల్ పలకలు, కిటికీల వరుసలు, కంచెల వంటి పునరావృతమయ్యే ఆకారాలను బాగా కొనసాగిస్తుంది. ఐఓపెయింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా దాన్ని మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. ఈ చివరి విషయం ముఖ్యమని నా అభిప్రాయం. వెబ్‌సైట్లలో పెట్టే ఫొటో ఎవరి సర్వర్‌కో వెళుతుంది, జెనరేటివ్ ఫిల్ కూడా సర్వర్ మీదనే పనిచేస్తుంది. ఇంట్లోవారి ముఖాలున్న ఫొటోను ఎక్కడికి పంపుతున్నామో చూసుకోవాలి.

చాలామంది చేసే పొరపాటు మరొకటి ఉంది. మనిషి చుట్టూ మరీ బిగుతుగా గీస్తారు. జుట్టు అంచు, బట్టల రంగు పక్క రాయి మీద పడిన ఛాయ బయటే మిగిలిపోతే, సాధనం వాటిని చూసి అక్కడ ఇంకో ఆకారం ఉండాలనుకుని మరో మనిషిలాంటిదాన్ని నింపుతుంది. కాస్త వదులుగా గీయండి, నీడను కూడా కలుపుకోండి.

బాటసారి:

మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ఎర్ర టోపీ ఆయన వెళ్లిపోయారు. అయిదవ ఫొటోలోని స్తంభం నేననుకున్నదానికంటే బాగా కుదిరింది. కుచ్చుల దగ్గర బ్రష్‌ను రెండు పిక్సెళ్లకు తగ్గించి ఒక్కొక్క పోగునూ వదిలిపెడుతూ గీశాను. దూరపు వారిలో 8 మందిని హీలింగ్, క్లోన్ కలిపి తీసేశాను. అయినా ఫొటోను దూరం నుంచి చూస్తే ఏదో తేడాగా ఉంది, ఏమిటో చెప్పలేకపోతున్నాను. ప్రతిదాన్నీ వంద శాతం జూమ్‌లో సరిచూశాను.

వెలుగునీడ:

మీరు పెట్టిన ప్రతిని చూశాను. కుచ్చుల పని చాలా చక్కగా ఉంది, ఎక్కడ అతికించారో నాకు దొరకలేదు. తేడా నేల మీద ఉంది. కుడివైపు రెండవ స్తంభం దగ్గర రెండు పొడవాటి నీడలు పడి ఉన్నాయి, వాటి యజమానులు మాత్రం లేరు. నీడలు మసకగా ఉండడంతో వంద శాతం జూమ్‌లో నేల మచ్చల్లా కనిపిస్తాయి. ఫొటోను చిన్నది చేస్తేనే మనిషి ఆకారం తెలుస్తుంది. ఇలాంటివి పట్టుకోవడానికి ఫొటోను అద్దంలోలాగా కుడి ఎడమలు తారుమారు చేసి చూడడం నాకు బాగా ఉపయోగపడుతుంది. ఎంతో సేపు చూసి అలవాటు పడిన కంటికి అద్దంలోని బొమ్మ కొత్తగా తోస్తుంది, తప్పులు వెంటనే పైకి వస్తాయి.

నీడను క్లోన్‌తో కప్పవద్దు. నీడ కింద నిజమైన నేల ఉంది, చీకటిగా ఉందంతే. దాని ఆకారంలో సెలెక్షన్ చేసి, అంచును నీడ ఎంత మసకగా ఉందో అంత ఫెదర్ చేసి (మెత్తబరిచి), కర్వ్స్‌తో ఎత్తండి. ఎండలో నీడపడిన భాగం కొద్దిగా నీలంగా ఉంటుంది కాబట్టి, వెలుగు పెంచాక నీలం చానల్‌ను కాస్త తగ్గించాలి. అలా చేస్తే రాతి గరుకు, పలకల పగుళ్లు అన్నీ యథాతథంగా ఉంటాయి. మండపం మెట్ల దగ్గర నేల తడిగా ఉన్నట్టుంది, అక్కడ ప్రతిబింబం ఏదైనా మిగిలిందేమో కూడా ఒకసారి చూడండి.

హీలింగ్ చేసిన కొన్ని చోట్లు పక్కవాటికంటే నున్నగా ఉన్నాయి. అసలు ఫొటోలో సన్నని నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) ఉంది, మీ అతుకుల్లో లేదు. ఆ లేయర్‌కు మాత్రమే చాలా కొద్దిగా నాయిస్ కలపండి.

ముక్కాలిపీట:

నా నుంచి చివరగా ఒక సూచన. మిగిలిన ఇద్దరినీ తీసేయవద్దని నా మనవి. లోపలి స్తంభాల వరుస చివర ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు కాబట్టే ఆ స్తంభాలు ఎంత ఎత్తో చూసేవారికి తెలుస్తోంది. నా తెరమీద వారిద్దరిపై వేలు పెట్టి దాచి చూశాను, మండపం బొమ్మరిల్లు అంత అయిపోయింది.

తరువాతి ప్రయాణానికి కూడా ఒక మాట. నచ్చిన ఫొటో తీసిన తరువాత అక్కడినుంచి కదలకుండా, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పది పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున మరో పది ఫొటోలు తీసి ఉంచుకోండి. ట్రైపాడ్ ఉంటే 10 స్టాపుల ఎన్‌డి ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే నల్లటి అద్దం) కూడా మంచిదే. అది వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది కాబట్టి, సెకనులో 60వ వంతు పట్టే ఫొటోకు దాదాపు 17 సెకన్లు పడుతుంది, ఆగకుండా నడిచేవారు చాలావరకు కనిపించకుండా పోతారు. కూర్చున్నవారు మాత్రం పోరు. అమ్మగారిని అంతసేపు కదలకుండా నిలబెట్టనూ లేము. అందుకే నా మొగ్గు ఎప్పుడూ ఎక్కువ ఫొటోలు తీసుకోవడం వైపే.

పాతఆల్బమ్:

ఆ ఇద్దరినీ ఉంచమన్నందుకు ముక్కాలిపీట గారికి నా ధన్యవాదాలు.

బాటసారి:

పని పూర్తయింది. నీడలను కర్వ్స్‌తో ఎత్తాను, వెలుగునీడ గారు చెప్పినట్టే కింద నేల పూర్తిగా ఉంది. తడి నేలలో ఎర్ర టోపీ ప్రతిబింబం నిజంగానే ఉంది, చిన్న ఎర్ర చుక్కలా. మీరు చెప్పకపోతే దాన్ని చూసేవాణ్నే కాదు. స్తంభాల చివరనున్న ఇద్దరినీ అలాగే ఉంచాను. ఆరు అసలు ఫొటోలూ, లేయర్లున్న ఫైలూ, చివరి ప్రతీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, రెండు డిస్కుల మీద దాచాను.

నిన్న ముద్రించి అమ్మకు చూపించాను. మొదటిసారి ఫోన్‌లో చేసిన నున్నటి స్తంభం ప్రతిని కూడా పక్కన పెట్టాను. ఆమె రెండూ చూసి, కొత్తదానిలో తన భుజం వెనుకనున్న స్తంభం మీద వేలు పెట్టారు. అయిదవ ఫొటోనుంచి వచ్చిన ముక్కలో, నడుము ఎత్తున అడ్డంగా ఒక పగులు ఉంది. మూడు సాయంత్రాలు దానిమీదనే పని చేసి కూడా నేను దాన్ని రాతి చారే అనుకున్నాను. పైకి వచ్చిన వెంటనే ఆ పగులు దగ్గరే చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నానని, లోపల రాయి చల్లగా ఉందని ఆమె చెప్పారు.